భీమిలి ఐసు

నా చెయ్యి మంచిది కాదన్నారు మా మేడమ్. పదిహేనేళ్లుగా రక్తం తీస్తున్న చెయ్యి ఇది. పసిపిల్లల నరం కూడా ఒక్క పోటుతో పట్టుకునే చెయ్యి. ఒళ్లు మండిపోయింది.

మా ల్యాబు పని ఇదీ. రక్తంలో ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న చిన్న ముక్కలు తిరుగుతుంటాయి. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేసినప్పుడు, షుగరు ఇంకా పెరగకముందే, వాటిలో కొన్ని ఎక్కువవుతాయి, కొన్ని తగ్గుతాయి. వాటిని కొలవగలిగితే జబ్బును ముందే పసిగట్టవచ్చని ఆశ. అయితే దారిలో ఎర్ర కణాలు పగిలాయా, వాటి లోపలి ముక్కలన్నీ బయటపడి లెక్క తప్పుతుంది. ట్యూబును యంత్రంలో తిప్పితే పైన తేరుకునే నీరు లేత పసుపుగా ఉండాలి, కణాలు పగిలితే గులాబీ అవుతుంది. భీమిలి నుంచి నేను తెచ్చిన ట్యూబులు రెండుసార్లూ గులాబీ రంగులో తేలాయి.

"బస్సు కుదుపులకేమో మేడమ్" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. పెందుర్తి క్యాంపువీ బస్సులోనే వస్తున్నాయి, అవి బాగానే ఉన్నాయిగా? ఇంకొక్క క్యాంపు చూద్దాం. ఈసారీ పాడైతే భీమిలి తీసేస్తాను."

భీమిలి తీసేస్తే నా ఉద్యోగమూ పోతుంది. అంతకంటే ఆ గులాబీ రంగు నా పేరు మీద ఉండిపోతుంది. అదే ఎక్కువ బాధ.

మా క్యాంపు చేపలమ్మే ఒక పెద్దమ్మ ఇంటి అరుగు మీద. ఆడవాళ్లను పరగడుపున పోగుచేసేది ఆవిడే. "టీ తాగితే తిన్నట్టు కాదు గదా" అని వాదించినవాళ్లను వెనక్కి పంపేదీ ఆవిడే. మేం తెచ్చిన ఐసు మధ్యలో కరిగిపోతే, తన తొట్టిలోంచి దోసిళ్లతో తీసి మా పెట్టె నింపేది. ఎంత మంచి మనిషో అనుకునేదాన్ని.

చివరి క్యాంపు రోజు కూడా అలాగే నింపుతోంది. ట్యూబులు సర్దుతున్న నా వేలికి చిన్న గాటుంది. ఐసు తగలగానే అది చురుక్కుమని మండింది. ఐసు మండడమేమిటి? వేలు నాలుకకు తాకించి చూశాను. ఉప్పు.

"పెద్దమ్మా, ఐసులో ఏటి కలిపినావ్?"

"ఉప్పు నాయమ్మ. ఉప్పేత్తే సల్లదనం దిగిపోదు. మా సేపలు ఇసాపట్నం ఎల్లినా బిర్రుగుంటాయి. నీ రత్తం పాడవకూడదని నీకు రెండు గుప్పిళ్లు ఎక్కువేత్తన్నాను."

అరుగు మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఉప్పు కలిపిన ఐసు మామూలు ఐసు కంటే చల్లన. దానికి ఆనుకున్న రక్తం మంచుగడ్డలా బిగుసుకుని, కణాలు పగిలిపోతాయి. చచ్చిన చేపకు ఎంత చలైనా మంచిదే. నా ట్యూబుల్లోవి బతికున్న కణాలు.

విషయం చెప్పేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయితే నా మూలాన్నేనా?"

"నీ మూలాన కాదు. అడగనిది నాను."

అప్పటికి తీసిన ట్యూబులన్నీ పక్కన పెట్టేశాను. పెద్దమ్మ కొంగు బిగించి మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు పొద్దున అరుగు నిండిపోయింది, ఒక్కరూ టీ తాగలేదు. ల్యాబు నుంచి తెచ్చిన ఐసుకు తువ్వాలు చుట్టి, ట్యూబులకు తగలకుండా సర్దాను. బస్సులో కండక్టరు పెట్టె వంక అనుమానంగా చూశాడు. "సేపలా? వాసనొత్తే దింపేత్తాను." నవ్వి ఊరుకున్నాను.

మేడమ్‌కు ఉప్పు సంగతి చెప్పలేదు. మళ్లీ మద్దెల సామెత వినే ఓపిక నాకు లేదు.

ట్యూబులు తిప్పే యంత్రం ఆగింది. మూత తెరిచి ఒక్కొక్కటే పైకి తీశాను. పసుపు. పసుపు. అన్నీ లేత పసుపే. మేడమ్ ఒకటి తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చాలాసేపు చూశారు. వారం తిరిగేసరికి లెక్కలూ వచ్చాయి. ఇన్సులిన్ మాట వినని ఒళ్లవి ఒక పక్కకి, వినేవి ఇంకో పక్కకి విడివిడిగా కనిపించాయి. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

అందరి ముందూ మేడమ్ అన్నారు: "ఈసారి నీ చెయ్యి బాగా కుదిరింది."

"చెయ్యి పాతదే మేడమ్" అన్నాను. "ఉప్పే తీసేశాను."