శుక్రవారం హారతి

దోహాలో అల్ హిలాల్‌లోని మా ఫ్లాట్‌లో శుక్రవారం సాయంత్రాలు ధ్యానం నేర్పేదాన్ని. వచ్చేవాళ్లలో వెన్ను వంచకుండా కూర్చునేది ఒక్కతే. అమెరికా నుంచి వచ్చి ఇక్కడ బళ్లో పాఠాలు చెప్పే యూదు స్త్రీ. చిన్న వయసులోనే ఇంటి ప్రార్థనలు విసుగొచ్చి వదిలేసి, బౌద్ధ మఠాల్లో మౌనం పట్టి, అరుణాచలం చుట్టూ ప్రదక్షిణ చేసి, చివరికి నా చాప మీదికి చేరింది. నా శిష్యురాలని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని. నాకు ఆ మాత్రం గర్వం ఉంది, దాచుకోను.

ధ్యానం అయ్యాక హారతి ఇవ్వడం మా ఇంటి అలవాటు. ఎప్పుడూ వెనక నిలబడి చూసే ఆమె, ఒక శుక్రవారం ముందుకు వచ్చింది. మంట మీదుగా చేతులు మూడుసార్లు తనవైపు తిప్పుకుని అరచేతులతో కళ్లు మూసుకుంది. ఎంతకీ చేతులు తీయదే!

"కళ్లకద్దుకుని వదిలెయ్యాలమ్మా, కర్పూరం అయిపోతోంది" అన్నాను.

చేతులు తీసేసరికి ముఖమంతా తడి.

"మా అమ్మమ్మ శుక్రవారం పొద్దుగుంకే ముందు కొవ్వొత్తులు వెలిగించి ఇలాగే చేసేది. నేను మరిచిపోయినా నా చేతులు మరిచిపోలేదు" అంది. కళ్లు తుడుచుకుని, "ఇకనుంచి శుక్రవారాలు ఇక్కడికి రాకుండా మా ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించుకోవాలనుంది. మీరు నా గురువు. వద్దంటే మానేస్తాను" అంది.

వద్దనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. తర్వాత చెబుతానని పంపేశాను.

మెసయీద్‌ ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన సంగతంతా విని నవ్వాడు.

"శిష్యురాలు పోతదని మొకం మాడ్చుకున్నవా? కండ్లు మూసుకుని లోపల చూసుకొమ్మన్నది నువ్వే గద! చూసుకున్నది, దొరికింది. ఇగ కోపమెందుకు? యల్లా, నడువు, అన్నం పెట్టు."

అంత తేలిక మాట నాకు తట్టనందుకు ఒళ్లు మండింది. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"మీ అమ్మమ్మ దీపానికి నా అనుమతేంటి? వెలిగించుకో. నన్ను మాత్రం పిలవాలి."

మరుసటి శుక్రవారం క్లాసు మానేసి వాళ్లింటికి వెళ్లాను. రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులు తిప్పి, కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంది. సగంలో మాట మరిచి ఆగిపోయింది. ఇంత దూరం వచ్చి ఇక్కడ వదిలేస్తుందేమోనని నాకు భయమేసింది. ఆమె నింపాదిగా ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది.

ఆ ప్రార్థనలో ఒక్క ముక్క నాకు తెలియదు. ఆ ఊపిరి మాత్రం నేను నేర్పిందే. వెన్ను కూడా చూశాను, ఎక్కడా వంగలేదు.