శాంతమ్మ తెచ్చిన ఫ్రెంచ్ నాటకం

పదిహేనేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పోలీసులు పట్టించుకునే నేరమేమీ కాదు. అయినా దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫ్రెంచ్ చెప్పేవాడిని. ఇంటర్ పిల్లలు ఫ్రెంచ్ తీసుకునేది దాని మీద ప్రేమతో కాదు, మార్కులు తేలిగ్గా పడతాయని. నేను చెప్పిందీ అంతే. ఏటా తిరిగొచ్చే ప్రశ్నలు, కంఠతా పట్టించే జవాబులు. సగం జవాబులు ఇంగ్లిష్‌లోనే రాయొచ్చు. నాకు డిప్లొమా ఉంది. ఫ్రెంచ్ వచ్చా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. అందరూ ఫ్రెంచ్ సార్ అంటుంటే ఒళ్లు పొంగేది.

శాంతమ్మ మా కాలేజీలో ఆయా. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేది. చదువు రాదు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో నేనొక్కడినే ఉన్నప్పుడు వచ్చి, పాత చీర ముక్కలో చుట్టిన కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టింది. చేత్తో రాసిన ఫ్రెంచ్. ఎనభై పేజీలుండొచ్చు. పక్కన పేర్లు, ఎదురుగా మాటలు చూసి నాటకమని పోల్చుకున్నాను. రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు.

“మా నాయిన పెట్టెల దొరికింది సారు. మా ఊర్ల ఫ్రాన్సు నుంచి వచ్చిన ఫాదర్ ఉండె. మా నాయిన చిన్నప్పటి సంది ఆయనకు వంట చేసిండు, ఆ భాష గూడ ఆయన తాననే నేర్చిండు. నాటకం రాసిన అని సచ్చేదాంక చెప్పిండు. ఊరంత నవ్విండ్రు, మా అన్న గూడ నవ్విండు. ఇప్పుడు నాయిన సమాధికి రాయి చెక్కిస్తున్నం. నిజమైతే గా ముక్క రాయి మీద రాపిస్త. జర చదివి చెప్పుండ్రి.”

రెండు రోజుల గడువు అడిగాను. ఇంటికెళ్లే దారిలో జిరాక్స్ కూడా తీయించుకున్నాను, తీరిగ్గా చూద్దామని. తీరిగ్గా చూస్తే తేలింది ఒకటే. నాకు చదవడం రావడం లేదు. అచ్చులో ఉన్న పాఠమైతే గైడు పక్కన పెట్టుకుని ఎలాగో గట్టెక్కుతాను. ఆ గొలుసుకట్టు రాతలో పేజీకి నాలుగు మాటలు దొరికాయి. పది పేజీలు తిప్పి మూసేశాను.

తెలియదు అని చెప్పొచ్చు కదా? ఎందుకు చెప్పలేదు? ఆయా ముందు చిన్నబోవడం ఇష్టం లేక. అంతేనా? ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పడమే కష్టం. డిప్లొమా ఉన్న నాకే కొరుకుడు పడని భాషలో ఒక పల్లెటూరి వంటవాడు నాటకం రాశాడంటే నేను ఒప్పుకోలేకపోయాను.

“ఇది ఫాదర్ రాసిందే శాంతమ్మా,” అన్నాను కట్ట తిరిగిస్తూ. “మీ నాన్న చూసి ఎత్తి రాసుంటాడు.”

“పక్కానా సారు?”

“చదివాను కదమ్మా.”

ఆమె కట్టను మళ్లీ చీర ముక్కలో చుట్టింది. “మంచిగ చెప్పిన్రు సారు. లేకుంటే రాయి మీద అబద్ధం రాపిస్తుంటి,” అని నాకు దండం పెట్టింది.

ఫాదర్ సొమ్ము మన ఇంట్లో ఎందుకని ఆ వారమే ఊరికి తీసుకెళ్లి చర్చిలో అప్పగించింది. తర్వాత చర్చి కొత్తగా కట్టేటప్పుడు పాత కాగితాలతో పాటు అదీ పోయిందని ఒకసారి మాటల్లో తనే చెప్పింది. నా దగ్గర జిరాక్స్ ఉందని నేను అనలేదు.

రిటైరయ్యాక ఎల్బీనగర్ ఫ్లాట్‌లో కూర్చుని, సిగ్గుపడుతూ, ఫోన్‌లో పాఠాలు వింటూ ఫ్రెంచ్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. నాలుగేళ్లు పట్టింది. పోయినేడు ఆ జిరాక్స్ బయటికి తీశాను. నాటకమంతా ఒక వంటింటి గుమ్మం దగ్గరే జరుగుతుంది. దొర ఇంట్లో పనిచేసే కొడుకును తీసుకుపోదామని తల్లి వస్తుంది. ఆమె గుమ్మం దాటి లోపలికి రాదు, కొడుకు బయటికి రాడు. బాగుంది. నిజంగా బాగుంది. సగం దాటాక ఒక పేజీలో తల్లి మాట ఒకటి నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ కొట్టేసి ఉంది. పక్కన మార్జిన్‌లో సన్నగా, తెలుగులో ఒక ముక్క: “ఈడ అమ్మ ఏమంటది?”

చూసి ఎత్తి రాసేవాడికి ఆ సందేహం ఎందుకొస్తుంది? అలాగని ఇప్పుడూ తేల్చి చెప్పలేను. అన్నేళ్లు ఆ ఊళ్లో ఉన్న ఫాదర్‌కూ ఆ తెలుగే వచ్చి ఉంటుంది. ఇద్దరూ కలిసి రాశారేమో. కానీ ఆ ముక్క చదవడానికి ఫ్రెంచ్ అక్కర్లేదు. పేజీలు తిప్పితే చాలు. నేను పదో పేజీ దగ్గరే ఆగిపోయాను.

మొన్న మన్సూరాబాద్‌లో కూరగాయలు కొంటుంటే శాంతమ్మ కనిపించింది. నడుము వంగింది. “మా ఫ్రెంచ్ సారు,” అని మనవరాలికి గొప్పగా చూపించింది. నేను టమాటాలు ఏరుకుంటూ నిలబడ్డాను. ఆమె తండ్రి సమాధి మీద పేరు, రెండు తేదీలు మాత్రమే చెక్కించామని అప్పట్లో తనే నాకు చెప్పింది. ఇంకో ముక్కకు చోటుందో లేదో తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు అనాల్సిన మాట ఇప్పటికైనా ఒకచోట రాసి ఉండాలని ఇదంతా రాశాను. రాశాక గుండె కాస్త తేలికపడింది, ఆమెకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

నాకు చదవడం రాలేదు, శాంతమ్మా.