ఆఖరి మడతలో రాసిన మాట

“కింద సన్నక్షరాలు ఇంక ఉన్నయి గదా. గది గూడ సదువరాదూ?”

“మందు కలిపిన. ఇగ కొట్టొచ్చినంక సదువుత తియ్యి.”

నేనూ మా ఆయనా ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇంతే.

మాది చొప్పదండి దిక్కు. ఆయన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. కూలి గిట్టక ఆదిలాబాద్ దిక్కు పోయి పత్తి చేను కౌలుకు పట్టాం. సాంచాల మీద వచ్చిన పోగును వచ్చినట్టు చూసుకుంటూ ముందుకు పోవడమే ఆయన అలవాటు. కాగితం కూడా అట్లాగే చదివేవాడు. ఒక వరుస చదివి, ఆ పని చేసి, మళ్లీ తరువాతి వరుస.

పురుగుమందు డబ్బాతో పాటు మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది. పైన పెద్ద అక్షరాలతో మందు పేరు, పత్తి కాయ బొమ్మ. కింద ఏ పురుగుకు పనిచేస్తుందో. ఆ తరువాత మందు కొట్టే పంపుకు ఎంత పోయాలో. అక్కడిదాకా చదివి మూత తీశాడు, బక్కెట్లో పోశాడు, కట్టె కనబడక చేత్తోనే కలిపాడు. చేతులకు తొడుగులు వేసుకోవాలని, మూతికి గుడ్డ కట్టుకోవాలని, గాలికి ఎదురుగా కొట్టొద్దని ఆఖరి మడతలో చీమల బారులా రాసి ఉందట. మూత తీయకముందు చెప్పాల్సిన మాట అది.

పొద్దు నడినెత్తికి రాకముందే సాలు కొసన పడిపోయాడు. మళ్లీ నోట మాట లేదు. దవాఖానాలో కాగితం ఇస్తే డాక్టరు పైన చూడనే లేదు, తిప్పి నేరుగా ఆఖరి మడతకు, విరుగుడు రాసిన చోటికి పోయాడు. ఎక్కడ చూడాలో ఆయనకు తెలుసు. అప్పటికే ఆలస్యమైంది.

ఈ ఏడు నా తమ్ముడు పత్తి వేశాడు. రేపు పొద్దున మందు కొడతాడు. నోటితో చెబితే అక్క ఊరికే భయపడుతుందని నవ్వుతాడు. కాగితం మీద ఉన్నదైతే నమ్ముతాడు. వాడిదీ వరుసకో పని చేసే చదువే. అందుకే వాడి కూతురిని రాయమని కూర్చోబెట్టాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం. ఈ ముచ్చట కూడా ఆమే రాస్తోంది.

మొదట మందు పేరు రాసి కింద గీత గీసింది. కొట్టేయమన్నాను.

“జాగ్రత్తలు ఆఖరుకే రాస్తరు అత్తమ్మా. మా కాలేజి పుస్తకాలల్ల గూడ గట్లనే ఉంటది.”

“మీ బాపు ఆఖరిదాకా సదివి మూత తీస్తడా?”

పిల్ల ఆ కాగితాన్ని పక్కన పెట్టింది. తరువాత కొత్త కాగితం తీసింది. పైన ఒక్కటే మాట, పెద్దగా, ఇప్పుడే మూత తీయొద్దని. కింద మూతికి కట్టిన తువ్వాల బొమ్మ, చేతి తొడుగుల బొమ్మ. తరువాత గాలి ఎటున్నదో చూడమని. ఎంత పోయాలన్నది అన్నిటికన్నా కింద. మందు పేరు రాయనే లేదు. అది డబ్బా మీద ఉండనే ఉంది.

రాసుడు అయిందా బిడ్డా? ఆ ఖాళీ నూనె డబ్బా ఇటియ్యి, గిదే మందు డబ్బా, నేనే మీ బాపు అనుకో. ఇగ కాగితం మొదటి నుంచి సదువు. వరుస వరుసకు ఆగు. నువ్వు సదివిందే చేస్త, సదువంది చెయ్య. నా చెయ్యి మూత మీదికి ఎప్పుడు పోతదో చూడు.