వేన్నీళ్ళకు కిరసనాయిలు

మా అత్తగారికి పొగ పడేది కాదు. కట్టెల పొయ్యి దగ్గర కాసేపు కూర్చున్నా ఉబ్బసం వచ్చి, గోడకు చేరగిలబడి ఊపిరి కోసం పెనుగులాడేవారు. చన్నీళ్ళు పోసుకుంటే మరీ ప్రమాదం. అందుకే మావారు మా పెళ్ళికి ముందే కాకినాడ నుంచి గాలి కొట్టే ఇత్తడి స్టవ్వు తెప్పించారట. ఆయన అమలాపురంలో బడిపంతులు. నేను కాపరానికి వచ్చేసరికి ఆ ఇంట్లో వంటా, ఆవిడ స్నానానికి వేన్నీళ్ళూ దానిమీదే.

యుద్ధం మొదలైన కొత్తల్లో మాకు పెద్దగా తేడా తెలియలేదు. కిరసనాయిలు దిగుమతయ్యే బర్మా జపానువాళ్ళ వశమయ్యాక మాత్రం దాని ధర పెరగడమే తప్ప తగ్గడం ఎరగదు. ధర పెరిగిన కొద్దీ నేను వెనక్కి తగ్గుతూ వచ్చాను. ముందు వంట పెరట్లోని పొయ్యి మీదికి మార్చాను. తరవాత ఆవిడకు రోజు విడిచి రోజు స్నానం అన్నాను. ఆవిడ "అలాగేనమ్మా" అనేశారు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. ఆపైన కూపన్లు పెట్టారు. వాటిమీద వచ్చేది లాంతరుకే చాలదు.

కొట్టుకు వెళ్ళి నేనే అడిగాను.

"ఆయ్, దీపాల వరకే ఇమ్మన్నారండి. పొయ్యిలోకి ఇవ్వకూడదండి," అన్నాడు కొట్టాయన ఎంతో మర్యాదగా. తరవాత గొంతు తగ్గించి, "వేరే సరుకుంది గానండి, ధర వేరండి," అన్నాడు.

ఇంటికొచ్చి మావారితో చెప్పాను.

"దొంగసరుకు మనింట్లోకి రావడానికి వీల్లేదు," అన్నారు. ఆ మాట అనేసి, భోంచేసి, కండువా వేసుకుని బడికి వెళ్ళిపోయారు. నిజాయితీ ఆయనది, పొగ మాది. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. కొబ్బరి డొక్కలూ మట్టలూ నాని, ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. గాలి ఆ పొగను తిన్నగా నడవలోకి తోసేది. ఒకనాటి పొద్దున అత్తగారికి ఆయాసం మొదలై, పెదవులు నల్లబడ్డాయి. నేను ఊదుగొట్టం తెచ్చి మావారి చేతిలో పెట్టాను.

"ఈ పూట వేన్నీళ్ళు మీరు కాయండి."

"నేనా?"

"మీరేనండి. నేను అత్తయ్యగారి దగ్గర కూర్చుంటాను."

ఆయన పొయ్యి ముందు కూలబడ్డారు. ఊదారు, దగ్గారు, మళ్ళీ ఊదారు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. కాగులో నీళ్ళు గోరువెచ్చనైనా కాలేదు. లోపల్నించి అత్తగారు, "ఒరేయ్, ఆపరా నాయనా! నాకు నీళ్ళూ వద్దు, ఏమీ వద్దు," అని రొప్పుతూ అరిచారు. ఆయన ఊదుగొట్టం విసిరికొట్టి, ఖాళీ డబ్బా పట్టుకుని వానలోనే బయటికి వెళ్ళారు.

తిరిగొచ్చేసరికి డబ్బా నిండుగా ఉంది. నా మొహం చూడలేదు. స్టవ్వు వెలిగించి గాలి కొడుతుంటే, ఆ చప్పుడు విని అత్తగారు అడిగారు:

"ఎక్కడిదిరా?"

"కూపన్ మీదేనమ్మా."

ఆయన తల్లితో అబద్ధమాడగా వినడం నాకు అదే మొదలు. నెగ్గానన్న సంతోషం రాలేదు సరికదా, ఆయన్ని ఇంత దూరం తెచ్చినవాళ్ళందరి మీదా కోపం వచ్చింది. ఆవిడ తృప్తిగా స్నానం చేసి నిద్రపోయారు.

డబ్బా అయిపోయాక మళ్ళీ వెళ్తే ధర ఇంకా పెరిగింది. "అప్పుడే ఇంకో డబ్బా తీసుకోవలసిందండి మాస్టారూ," అన్నాడట కొట్టాయన. మావారు ఆ మాట ఇంటికొచ్చి చెప్పి, పళ్ళు కొరికారు. తీసుకోక ఏం చేస్తారు? ఆవిడ ఉన్నన్నాళ్ళూ అలాగే తెచ్చారు. ఆ ఖర్చు కోసం ఆయన పొద్దుటి కాఫీ మానేశారు. నేను చీర కొనుక్కోవడం మానేశాను.

యుద్ధం ముగిసిన వెంటనే అన్నీ చవకవుతాయని అందరూ అన్నారు. ఏదీ కాలేదు. కూపన్లు మరి కొన్నేళ్ళు సాగాయి. వాటిని ఎత్తేసేనాటికి అత్తగారు లేరు. ఆ వారం కొట్టాయన నన్ను వీధిలో చూసి, "ఇహ ఎంత కావాలన్నా పట్టుకెళ్ళొచ్చండమ్మా," అని నవ్వుతూ చెప్పాడు. లాంతరుకు సరిపడా ఇస్తే చాలన్నాను.