పసుపు మరక

చర్ల నుంచి వచ్చిన ఆ ముసలామెను రెండుసార్లే చూశాను. రెండుసార్లూ నోటును కళ్ళకద్దుకునే నా చేతికిచ్చింది.

ఖమ్మంలో పాతనోట్లు కొనే కొట్టు నాది. ఆమె తెచ్చింది జర్మనీ నోటు, మామ యుద్ధం నుంచి తెచ్చుకున్నదట. భర్త దవాఖానాలో ఉన్నాడని అమ్మడానికొచ్చింది. అరుదైన నోటే. కానీ మధ్యలో ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు బొట్టు.

"మరకుందవ్వా. సగం ధరే వస్తది" అన్నాను. మరకకు తగ్గేది కొంతే, మిగతాది నా బేరం.

"లచ్మి గదా సారూ, బొట్టు పెట్టకుంటె ఎట్ల?" అని నోటు తీసుకుని వెళ్ళిపోయింది.

మూడోనాడు మళ్ళీ వచ్చింది. నోటును కుంకుడు రసంలో నానబెట్టి రుద్దిందట. అచ్చు వెలిసిపోయి, మడతల దగ్గర చినిగి ఉంది.

"మరక పోయింది సారూ. ఇగ పూర ధర ఇయ్యి."