అన్న రికార్డుకు నా కప్పలు

మొన్న మా అన్న మనుమరాలు వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. బయో ఇంజినీరింగ్‌లో పై చదువు చదువుతున్నది. దెబ్బతిన్న గుండె మీద అతికించడానికి పలుచని పొర తయారుచేసే పరిశోధన తనది. తన చదువు ఎట్లా సాగిందో పిల్లలకు చెప్పమని చేవెళ్లలో ఒక బడివాళ్లు పిలిస్తే, అక్కడ చదవడానికి తెలుగులో రాసుకున్నదట. "తప్పులుంటే చూడు నానమ్మా" అన్నది. అరవై దాటాక అక్షరాలు నేర్చిన నన్ను ఆ మాట అడిగినందుకు పొంగిపోయి, అద్దాలు పెట్టుకుని, పంక్తుల కింద వేలు జరుపుకుంటూ చదివాను. ఒకచోట వేలు ఆగింది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడితే తన తాత ఊరుకోలేదట, పొలాల్లో కప్పలు పట్టి ఇంట్లోనే కోసి నేర్చుకున్నాడట, తమ ఇంట్లో పరిశోధన అక్కడ మొదలైందట.

మా తరం వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. పట్నంలో రాళ్లు, లాఠీలు. మొయినాబాద్ దాకా బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. పి.యు.సి. చదివే మా అన్న కత్తెర, సూదులున్న రేకు డబ్బా, తెల్లని రికార్డు పుస్తకం పట్టుకుని మొయినాబాద్ పక్కనున్న మా ఊరు హిమాయత్‌నగర్‌కు నడిచి వచ్చాడు. నాకప్పుడు పన్నెండేళ్లు, బడి మొహం చూడలేదు. రికార్డులో బొమ్మలన్నీ నిండేదాకా కప్పలు తెచ్చిస్తే, కాలేజీ తెరిచేలోగా చదవడం నేర్పుతానన్నాడు. ఆదివారం ప్రార్థనలో అందరూ పుస్తకం చూసి పాడుతుంటే ఊరికే పెదవులు కదిపేదాన్ని, ఆ సిగ్గు పోతుందని ఆశపడ్డాను.

బావి కింది వరి మడుల్లో వంగి నడిచి, కప్ప దూకబోయే వైపు ముందే చేయి పెట్టి పట్టి, కుండలో వేసి మూతికి గుడ్డ కట్టి తెచ్చేదాన్ని. తల వెనక సూది గుచ్చి తిప్పితే గాని అది కదలడం మానదు. అన్న సగమే గుచ్చి వదిలేసేవాడు, అది చెక్క మీద ఈదుతున్నట్టు కాళ్లు ఆడించేది. చివరికి సూది నాకే ఇచ్చాడు. కోళ్లు శుభ్రం చేసిన చేయి కనుక ఎంత లోతు కోయాలో నాకు తెలుసు. రొమ్ము తెరిచాక కూడా గుండె కొట్టుకుంటూనే ఉండేది. నేను చర్మం పక్కకు పట్టుకుంటే అన్న బొమ్మ గీసి పేర్లు రాసేవాడు. ఏ పేరు దేనిదో వేలు పెట్టి చూపగలిగేదాన్ని, ఆ పేరు ఎట్లా రాస్తారో మాత్రం తెలియదు. అడిగితే "జర ఆగే, ముందు రికార్డు గానియ్యి" అనేవాడు.

రికార్డు అయింది, కాలేజీ తెరిచారని కబురూ వచ్చింది. అన్న బయలుదేరుతుంటే పలక పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు.

"కప్పలు పట్టెటానికి సదువెందుకే? నువ్వు సదివితే కప్పలు ఇంటయా?"

బాపు కూడా నవ్వాడు. అమ్మ నా చేతిలో పలక లాక్కుని, "బియ్యంల రాళ్లున్నయ్, ఏరుపో" అన్నది.

కుండలో ఇంకా ఏడెనిమిది కప్పలు మిగిలి ఉన్నాయి. మడిలో వదిలితే సరిపోయేది. గుడ్డ విప్పి, మట్టి మూత పెట్టి, దాని మీద రాయి ఉంచి, ఎండకు కాలిన బండ మీద పెట్టాను. పక్కనే నీడలో కూర్చుని బియ్యం ఏరుతూ, లోపల చప్పుడు ఆగేదాకా విన్నాను.

అన్న లెక్చరరై, పేరు తెచ్చుకుని, నాలుగేళ్ల కింద పోయాడు. ఆ మడుల్లో ఫాంహౌసులు లేచాయి, వాన పడ్డా కప్ప అరుపు వినపడదు. ఇప్పుడు కాలేజీల్లో కప్పలను కొయ్యరట, తెర మీద చూపిస్తారట.

"ఒక తప్పున్నదే. గా కప్పలు పట్టింది నేను, కోసింది నేను" అన్నాను.

"నువ్వా? మజాక్ చేస్తున్నవా నానమ్మా" అని నవ్వింది. అచ్చం వాళ్ల తాత నవ్వే. నా మొహం చూశాక పెన్ను తీసి, పంక్తి మీది సందులో 'చెల్లెలి సాయంతో' అని ఇరికించి, "ఇగ సరిపాయెనా?" అన్నది.

సరిపోయిందన్నాను. ఇంత కాలానికి నా గురించి ఒకరు రాసిన రెండు మాటలు, కూడబలుక్కుని రెండుసార్లు చదువుకున్నాను. కుండ సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క పని ఎవరి సాయమూ లేకుండా చేశాను.