రాజుగారి ముద్ద లెక్క

వెబ్‌సైటు ఎంత వేగంగా తెరుచుకుంటుందో లోకమంతా సెకన్లలో కొలుస్తుంది. మొగల్తూరు హనుమంతరాజు గారు మాత్రం ముద్దల్లో కొలుస్తారు.

ఎగతాళి కాదండోయ్, నిజం. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఎడంచేత్తో ఫోన్‌లో పేజీ నొక్కుతారు, కుడిచేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటారు. ఆ ముద్ద గొంతు దిగేలోపు పేజీ తెరుచుకుందా, పాసు. తెరుచుకోలేదా, ఆ పేజీ చేసినవాళ్ళ పని అయిందే.

ఈ సంగతి సుప్రజకి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ పిల్లది రాజమహేంద్రవరం. ఇన్నాళ్ళూ కడియం నర్సరీల ఫ్లెక్సీలకి గులాబీలు దిద్దిన చెయ్యి. ఏ ఫ్లెక్సీ మీదా తన పేరు లేదు. అందుకే ‘నీటినాడి’ వాళ్ళు సైటుకి డిజైనర్ కావాలనగానే ఎగిరి గంతేసి చేరింది. రొయ్యల చెరువులో నీళ్ళెలా ఉన్నాయో, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో చెప్పే సాఫ్ట్‌వేర్ అది. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు, ఎవరికీ జీతాల్లేవు. ఉన్నదల్లా ఆదివారం ఆన్‌లైన్ మీటింగూ, దాన్నిండా వాదనలూ. సైటు పెత్తనం మాత్రం మొదట్నుంచీ రాజుగారిదే. ఒకప్పుడు భీమవరంలో కంప్యూటర్ సెంటర్ నడిపిన మనిషి కదా, ఆ పని ఇంకెవరూ ముట్టుకోరు.

సుప్రజ చేరగానే ముందు పేజీకి ఒక రొయ్యని గీసింది. మామూలు రొయ్య కాదు. తెర మీద నీళ్ళు చీల్చుకుని పైకి లేస్తుంది, గాల్లో పల్టీ కొడుతుంది, మీసాలు విదిలించి బుడుంగున మునుగుతుంది. రాత్రనక పగలనక గీసి పంపింది. మర్నాడు మధ్యాహ్నం రాజుగారి ఫోను.

“సుప్రజమ్మా, నీ పేజీ చూశాను తల్లీ.”

“ఎలా ఉందండీ?”

“పప్పుతో మొదలెట్టాను. తెరుచుకోలేదు. వంకాయ కూరలోకి వచ్చాను. తెల్లగా ఉంది. పులుసు పోసుకున్నాక పైన నీలం గీత ఒకటి కనబడింది. పెరుగన్నం కలిపేసరికి రొయ్య మీసం వచ్చింది. మిగతా రొయ్య కోసం మారు వడ్డించుకోమంటావా?”

సుప్రజకి ఒళ్ళు మండిపోయింది. “మీ దగ్గర సిగ్నల్ లేకపోతే నా రొయ్య ఏం చేస్తుందండీ?”

“అదీగాక తల్లీ, రొయ్య పైకి ఎగిరిందంటే నీళ్ళలో గాలి ఆడట్లేదని అర్థం. చెరువులో ఎగిరితేనే మాకు గుండె జారిపోద్ది. సైటులో కూడా ఎందుకు చెప్పు?”

రొయ్య పోయింది. కోడ్ రాసే యుగంధర్ ఓదార్చబోయాడు. “బాధపడకు. రాజుగారి ముద్దంటే మాటలా? మనకది ఒక పూట భోజనం. అంత ముద్ద దిగేలోపు కూడా తెరుచుకోలేదంటే...” అని, తను చెప్పేది ఓదార్పు కాదని తెలిసి ఫోన్ పెట్టేశాడు.

చిత్రమేమిటంటే, అదే రాజుగారింటికి భోజనానికి వెళ్తే విస్తరిలో అన్నానికి చోటుండదు. ఆయన భార్య సుబ్బాయమ్మ గారు చేపల పులుసు, రొయ్యల ఇగురు, నాలుగు పచ్చళ్ళు వడ్డించి, “ఏమీ చెయ్యలేకపోయానమ్మా” అని నొచ్చుకుంటారు. సైటులో మాత్రం పచ్చడి మెతుకులే. బొమ్మ లేదు, రంగు లేదు. మీటలన్నీ పోగేసి కింద ఎడమమూలన కుక్కారు, ఒక్కోటి అప్పచ్చంత. అందరికంటే అడుగున చిన్న మీట, దాని మీద ‘చెయ్యి కడిగాక’ అని రాసుంటుంది. రొయ్యని తీసేసిన వారం అది కొత్తగా మొలిచింది. కరోనా నాటి జాగ్రత్త ఆయన్నింకా వదల్లేదనుకుని అందరూ నవ్వారే గానీ నొక్కి చూడలేదు. సుప్రజ కోపంతో దాన్ని నొక్కనుకూడా లేదు.

అందరికంటే గట్టిగా నవ్వేది రాజుగారి సొంత తమ్ముడు శ్రీనివాసరాజు. మొగల్తూరు దగ్గర ఈయనకి పెద్ద చెరువులున్నాయి. వాస్తంటే ప్రాణం. చెరువుగట్టు మీది షెడ్డుకి గుమ్మం తూర్పు నుంచి ఉత్తరానికీ, ఉత్తరం నుంచి మళ్ళీ తూర్పుకీ మార్పించిన మనిషి.

“మా అన్నయ్య తిండిగోలతో సైటు పరువు తీస్తున్నాడండీ,” అన్నాడాయన ఒక ఆదివారం మీటింగులో. “సుప్రజ గారు కొత్త సైటు చేశారు. చూస్తే కడుపు నిండిపోద్ది. వచ్చే ఆదివారం ఓటు పెడదాం. సైటు ఆవిడకి అప్పజెబుదాం.”

తెరమీద తలలన్నీ ఊగాయి. ఓటు గెలిస్తే సుప్రజ ఆరునెలల కష్టం లోకం చూస్తుంది. అడుగున ‘డిజైన్: సుప్రజ’ అని ఉంటుంది. ఆ రెండు మాటల కోసం ఆ పిల్ల ఎంత ఆశపడిందో ఆ పిల్లకే తెలుసు.

శుక్రవారం రాజుగారు ఫోన్ చేసి, “ఓటుకి ముందు ఓసారి భోజనానికి రా తల్లీ,” అన్నారు.

‘పెట్టి పడేద్దామనుకుంటున్నారు కాబోలు. రొయ్యల ఇగురు తింటాను, ఓటు మాత్రం వదలను’ అని గట్టిగా అనుకుని, మర్నాడు నరసాపురం మీదుగా బస్సులో దిగింది సుప్రజ. తీరా వెళ్తే విస్తరి వెయ్యలేదు. సుబ్బాయమ్మ గారు పెద్ద క్యారేజీ చేతికిచ్చి, “ఆయన ముద్ద లెక్క ఇంట్లో కాదమ్మా, గట్టు మీద. ఎండగా ఉంది, ఈ గొడుగు కూడా పట్టుకెళ్ళు,” అన్నారు.

రాజుగారి స్కూటర్ శ్రీనివాసరాజు చెరువుల మధ్యకి వెళ్ళి ఆగింది. షెడ్డు వెనకాల నీడలో పనివాళ్ళు బాక్సులు విప్పుకుని కూర్చున్నారు. క్యారేజీ వాళ్ళందరి మధ్యకీ వెళ్ళిపోయింది. రత్నమాణిక్యం అనే ఆవిడ అటూ ఇటూ చూసి, చీర కుచ్చెళ్ళలోంచి పాత ఫోన్ ఒకటి తీసింది. పక్కన బుల్లియ్య లుంగీ మడతలోంచి ఇంకోటి. అందరి కుడిచేతులూ అన్నంలోనే ఉన్నాయి. ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే టకటకా నొక్కుతున్నారు. ముద్ద దిగేలోపు పేజీ తెరుచుకుంది.

“రాజుగారండీ, రెండో చెరువులో గాలి తగ్గిందంటండీ,” అంది రత్నమాణిక్యం. బుల్లియ్య ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి ఏరేటర్ వేసొచ్చాడు. నీళ్ళు గలగలా చిమ్మాయి.

“ఇదంతా ఓనర్‌గారు చూసి చెప్పరా అండీ?” అనడిగింది సుప్రజ.

“చెబుతారండీ,” అంది రత్నమాణిక్యం. “పొద్దున్న మేం కొలిచిందే ఆపీసులో ఎక్కిత్తారండి. ఆయన చూసి చెప్పేతలికి సాయంత్రమైపోద్దండి. ఈలోపు రొయ్య చచ్చిందనుకోండి, పోయేది మా పనేనండి. మాకు కూకునే టయిం ఇదొక్కటేనండి.”

సుప్రజ ముద్ద కలుపుతూ ఎడంచేత్తో తన ఫోన్‌లో తన కొత్త సైటు నొక్కింది. పప్పు అయింది. ఇగురు అయింది. నీలం గీత వచ్చింది. మీట నొక్కుదామంటే అది పైన కుడిమూలన ఉంది. బొటనవేలు చాచింది. అందలేదు. ఇంకాస్త చాచింది. ఫోన్ జారి పెరుగన్నంలో పడింది.

“ఆయ్, మాకూ అంతేనండీ,” అంది రత్నమాణిక్యం జాలిగా.

సుప్రజకి సిగ్గుతో ముఖం కందిపోయింది. “ఈ మాట మీటింగులో ఒక్కసారి చెప్పుంటే సరిపోయేది కదండీ? ఇంతకాలం అందరిచేతా తిండిపోతు అనిపించుకోవడం దేనికీ?”

“మీటింగులో మా తమ్ముడుంటాడు కదమ్మా. ఎవడో వీడియోలు చూస్తూ ఏరేటర్ ఆగిపోయింది చూసుకోలేదని, గట్టు మీద ఫోన్ కనబడితే పనిలోంచి తీసేస్తానన్నాడు. వీళ్ళు చూసేది వాడి రొయ్యల కోసమేనంటే వింటాడా? వీళ్ళ పేరెత్తే కంటే నా పొట్ట మీద వేసుకోవడం తేలిక. పొట్ట పెద్దదేగా, మోస్తుంది.”

అందరూ తిని చేతులు కడుక్కున్నారు. రత్నమాణిక్యం కొంగుతో తుడుచుకుని, “ఇప్పుడు చూద్దావండీ,” అని ఉత్సాహంగా ‘చెయ్యి కడిగాక’ మీద నొక్కింది. ఫోన్ గట్టు మీద పెట్టి అంతా చుట్టూ చేరారు. పేజీ తీరిగ్గా, బద్ధకంగా తెరుచుకుంది. ముందు మీసం, తర్వాత తల. ఆపైన నీళ్ళు చీల్చుకుని సుప్రజ రొయ్య పైకి లేచి పల్టీ కొట్టింది. బుల్లియ్య రోజూ చూసేదే అయినా ఓహో అని చప్పట్లు కొట్టాడు.

“ఇదొక్కటే మా చెరువుల్లో ఎగిరినా బయమెయ్యని రొయ్యండీ,” అంది రత్నమాణిక్యం.

కింద చిన్న అక్షరాల్లో ‘బొమ్మ: సుప్రజ’ అని ఉంది. సుప్రజ దాన్ని చూసి, చూసి, ముక్కు ఎగబీల్చింది. “ఎప్పుడు పెట్టారండీ?”

“ఆ వారమే తల్లీ. అంత బాగా గీస్తే పారేస్తామా? తిన్నాక చూడాల్సినదాన్ని తినకముందు పెట్టావు, అంతే నీ తప్పు.”

ఆదివారం మధ్యాహ్నం మీటింగ్. తెర మీద ఓ మూల రాజుగారు, ముందు కంచం. శ్రీనివాసరాజు గొంతు సవరించుకుని, “ఓటేద్దామండీ,” అన్నాడు.

“వద్దండీ,” అంది సుప్రజ. “నేనూ కొలిచాను. నా సైటు పెరుగన్నం దాకా తెరుచుకోలేదు. రాజుగారి దగ్గరే ఉండనివ్వండి, నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటాను.”

“మీకూ అంటుకుందా తల్లీ ఈ ముద్దల పిచ్చి!” అని తల పట్టుకున్నాడు శ్రీనివాసరాజు. “సరే, వేగం సంగతి వదిలేద్దాం. ఆ మీటలన్నీ కింద ఎడమమూలకే ఎందుకు కుక్కాలో చెప్పండి. ఒక్క కారణం చెప్పండి చాలు, నేను నోరెత్తను.”

రాజుగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. సుప్రజ తడుముకోలేదు.

“వాస్తండీ.”

శ్రీనివాసరాజు కాసేపు తెర వంక తేరిపార చూశాడు. వేలితో గాల్లో దిక్కులు గీసుకున్నాడు. కింద, ఎడమ. “నైరుతి!” అన్నాడు ఒళ్ళు పులకరించి. “నైరుతిలో బరువుండాల్సిందే! అన్నయ్యా, ఇంతకాలం ఆ ముక్క చెప్పకుండా ముద్దలూ ముద్దలూ అంటావేంటి? ఆ మీటలు ఇంకాస్త పెద్దవి చేయించు!”

రాజుగారికి ముద్ద పొలమారింది. సుబ్బాయమ్మ గారు పరుగున వచ్చి ఆయన నెత్తి మీద తడుతూ, “గట్టు మీద ఎవరో తలుచుకుంటున్నారు,” అన్నారు.